వంట దించాక వేసే గింజ

పోయిన ఓట్లనాడు మీ అమ్మ ఎక్కడుందో మీలో ఒక్కరైనా చూశారా? ఆలోచించుకోండి. ఈలోగా కథ చెబుతాను, ఊ కొట్టండి.

అనగనగా గెడ్డ ఒడ్డున ఒక ఊరు. మంత్రసానేమో అవతలి ఒడ్డున. వాన పడితే ఆ వాగు దాటడం ఎవరి తరమూ కాదు. ఆ ఊళ్ళో నూకాలని ఒక కోడలు ఉండేది. ఆమె తోడికోడలు పురిటి నొప్పులతో ఈ ఒడ్డునే పోయింది. బిడ్డా దక్కలేదు. గెడ్డ మీద దూలాలు వేయించమని ఆడవాళ్ళు అడిగితే ఊరిపెద్ద అలాగేనమ్మా అనేవాడు, అలాగే ఉండిపోయేవాడు.

ఆ ఊళ్ళో పెద్దని ఎన్నుకోవాలంటే కుండలో చింతగింజ వేయాలి. నల్లకుండ పాత ఊరిపెద్దకి, ఎర్రకుండ దూలాలు వేయిస్తానన్న కొత్తాయనకి. ఆడవాళ్ళు వేయకూడదని ఎవరూ అనలేదర్రా. వంట దించి రండి అన్నారు, అంతే. ఆ రోజు ఊరంతటికీ విందు మరి. పప్పు దించితే పులుసు, పులుసు దించితే అన్నం, అన్నం దించేసరికి కుండల మూతికి గుడ్డ కట్టేసి మగవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చునేవారు. ప్రతిసారీ ఇదే. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

ఈసారి నూకాలు గరిటె వదిలేసి లేచింది. ఇంటి మగాడు వేశాక నీ గింజ వేరే ఎందుకే, కొత్తగా కొమ్ములొచ్చాయా అని అత్త గదమాయించింది.

"గెడ్డ దాటాల్సింది ఆయన కాదు కదత్తా" అంది నూకాలు.

వెళ్ళింది, ఎర్రకుండలో వేసింది. ఒక్కతే. మిగతావాళ్ళు పులుసు కలుపుతూనే ఉన్నారు. పాత పెద్దే గెలిచాడు. నూకాలు పుణ్యమా అని పప్పు మాడిందని ఊరంతా దెప్పింది.

ఆ వానాకాలమే అత్త కూతురు పురిటికి పుట్టింటికొచ్చింది. గెడ్డ పొంగింది. నూకాలూ అత్తా నొప్పులు పడుతున్న ఆ పిల్లని చెరో పక్క పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. నీళ్ళు తగ్గేసరికి అత్తకి కూతురు లేదు.

మళ్ళీ గింజల రోజు వచ్చింది. పప్పు దించితే పులుసు, పులుసు దించితే... ఎసరు మరుగుతుండగా అత్త లేచి కుండెడు నీళ్ళు పొయ్యిలో పోసింది. ఎవరి మొహమూ చూడలేదు. కొంగున ముడేసిన గింజ విప్పుకుని బయల్దేరింది. వెనకాల నూకాలు, ఆ వెనక చేతులు తుడుచుకుంటూ అందరూ. ఆ పూట ఊరు పస్తు. ఎర్రకుండ నిండింది. మళ్ళీ వానలు పడకముందే గెడ్డ మీద దూలాలు పడ్డాయి.

అందరూ సుఖంగా ఉన్నారనాలి కదా, ఉన్నారు. అత్త మాత్రం ఆ దూలాల మీద ఒక్కసారీ నడవలేదు.

కథ కంచికెళ్ళిపోయింది, మీరు దుప్పట్లోకి రండి. ఇదిగో, రేపు మళ్ళీ ఓట్లు. మీ అమ్మ వేలికి సిరా చుక్కతో తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరూ టిఫిన్ అడగకండి. మీ నాన్న అడిగినా పెట్టనివ్వకండి.