నడిరోడ్డు పట్టినమ్మ

నగరం నుంచి పడమరకు పోయే కంకరబండ రోడ్డు మీద, ఎడమ చేతికి కంకరబండ బస్తీ, కుడి చేతికి ఒకప్పటి ఇసుకబావి బస్తీ వస్తాయి. ఆ రెండింటి నడుమ డివైడర్ కాస్త వెడల్పయ్యే చోట, పసుపు పూసి వేపమండలు కట్టిన మోకాలెత్తు నల్లరాయి ఉంటుంది. ఆమే పట్టినమ్మ. గోపురం లేదు, హుండీ లేదు. అటు బస్సులు, ఇటు లారీలు. అమ్మ ముఖం ఇసుకబావి వైపు ఉంటుంది. అక్కడ ఇప్పుడు అద్దాల మేడలున్నాయి.

ఇక్కడికి బోనం తెచ్చినవారు దాన్ని తామే అమ్మ ముందు పెట్టకూడదు. పక్కనున్న పరాయి మనిషికి అందించాలి. అందుకున్నవారు "పట్టిన", అంటే పట్టుకున్నాను, అనేదాకా చెయ్యి వదలకూడదు.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు, గుట్ట ఉండేది. పాలమూరు దిక్కున కరువు తరిమితే వచ్చిన వడ్డెర కుటుంబాలు ఆ గుట్టను పగలగొట్టి, కంకర చేసి, ఈ రోడ్డు వేశాయి. ఈ మాట ఏ శిలాఫలకం మీదా లేదు గనుక ఇక్కడ రాస్తున్నాం.

మగవాళ్లు సమ్మెటలు వేసేవారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి కంకర తట్టలను చేతి నుంచి చేతికి అందించేవారు. అందుకునే మనిషి "పట్టిన" అన్నాకే ఇచ్చే మనిషి వదలాలి. లేకుంటే కాళ్లు విరుగుతాయి. కొత్త కోడలిగా వచ్చిన ఈదమ్మకు ఆ పని నేర్పింది పల్లపు సవారమ్మ. ఈదమ్మ సిగ్గుపడి నోరు విప్పకపోతే, "నోరు తెరువు పిల్లా, తట్ట నీ కాలు మీద పడితే నష్టం, నీ మొగుని కాలు మీద పడితే వేరే సంగతి" అని నవ్వించేది. ఏళ్ల తరబడి ఆ ఇద్దరూ వరుసలో పక్కపక్కనే నిలబడ్డారు.

ఒకనాడు గుట్టలో ఒక రాయి సమ్మెటకు లొంగలేదు. దెబ్బ వేసిన ప్రతిసారీ సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. సవారమ్మ వంగి చూసింది. రాయికి రెండు చేతులు ముందుకు చాచినట్టు ఉబ్బులున్నాయి. "తట్ట అందుకుంటున్నది, మనలెక్కనే కూలికొచ్చిందేమో" అంది. ఆ రాతిని గుడిసెల మధ్య నిలిపి కొలిచారు.

రోడ్డు పూర్తయింది. అది సరిగ్గా ఆ గుడిసెల నడుమ నుంచే పోయింది. కంకరబండ వైపు పడినవారికి పట్టాలు వచ్చాయి, నల్లా వచ్చింది. ఇసుకబావి వైపు పడినవారికి ఏమీ రాలేదు. ఈదమ్మ ఇటు పడింది. సవారమ్మ అటు పడింది, అమ్మవారి రాయీ అటే పడింది. రోజూ ఈదమ్మ నీళ్ల బిందెను డివైడర్ మీదుగా అందించేది. సవారమ్మ "పట్టిన" అనేది. ఆ మాటతోనే రెండు బస్తీలూ ఇంకా ఒక్కటిగా ఉండేవి.

తరువాత భూమికి ధర వచ్చింది. ఇసుకబావి ఖాళీ చేయాలన్నారు, మనుషుల్ని తరలించడానికి లారీలు వస్తాయన్నారు. సవారమ్మ వచ్చి, రెండు వైపుల వాళ్లమూ లారీల ముందు కూర్చుందామని అడిగింది. రోడ్డు మనం వేసిందే, మనల్ని దాటి ఎట్లా పోతాయని ఆమె ధైర్యం. ఈదమ్మ వస్తానని మాట ఇచ్చింది. ఆ సాయంత్రమే కంకరబండ పెద్దమనుషులు ఇల్లిల్లూ తిరిగి, అటు పోయినవాళ్ల పట్టా పోతుందని చెప్పారు. ఈదమ్మ గుడిసె పక్కనే కొత్త ఇంటి గోడలు లేచి ఉన్నాయి, కప్పు పడలేదు. బతుకంతా మోసిన రాయి ఆ గోడల్లో ఉంది. ఆమె భయపడింది.

లారీలు వచ్చిన రోజు కంకరబండలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సామాన్లు ఎక్కించాక, సవారమ్మ తన చెల్లెలితో కలిసి అమ్మవారి రాయిని డివైడర్ దాకా మోసుకొచ్చింది.

"ఈదమ్మా, మమ్మల్ని ఏడ దించుతరో తెల్వదు. జాగ లేనోళ్ల వెంట అమ్మ ఎందుకు? నువ్వు పట్టు."

ఈదమ్మ గుడిసె తలుపు వెనుక గొళ్లెం మీద చెయ్యి వేసి నిలబడింది.

"బయటికి రాకున్నా మంచిదే. లోపలి నుంచే పట్టిన అను, చాలు."

ఈదమ్మ గొళ్లెం ఇంకాస్త బిగించి పట్టుకుంది. లారీ హారన్ కొట్టింది. సవారమ్మ రాయిని మెల్లగా దించింది, పోయేవాళ్లను అమ్మ చూడాలని ముఖం అటు తిప్పింది, లారీ ఎక్కింది.

మర్నాడు కంకరబండ వాళ్లు రాయిని తమ వైపు తెచ్చుకుని గుడి కడదామనుకున్నారు. గుట్టను పిండి చేసిన చేతులు ఆ చిన్న రాయిని కదపలేకపోయాయి. నాలుగు గడ్డపారలు వంగిపోయాయి. ఆ మధ్యాహ్నం గోడ నీడన కునుకు పట్టిన ఈదమ్మకు అమ్మ కలలో కనిపించింది. ఒంటి మీద సవారమ్మ మాసిన చీర ఉంది. "ఇచ్చినామె ఇచ్చింది. పట్టేటామె పట్టలేదు. నేను ఎవరింటికి రావాలె?" అని అడిగింది.

ఈదమ్మ పరుగున పోయి రాయిని వాటేసుకుని, గొంతు పోయేదాకా "పట్టిన, అక్కా, పట్టిన" అంది. రాయి కదల్లేదు. ఆమె అన్న ఆ మాటే అమ్మకు పేరై నిలిచింది. తరువాత ఈదమ్మ రాళ్లు కొట్టే పని ఎక్కడ జరుగుతున్నా అక్కడికి పోయి వెతికింది. సవారమ్మ జాడ దొరకలేదు.

కొన్నేళ్లకు రోడ్డు మళ్లీ వెడల్పు చేశారు. ఈసారి ఈదమ్మ గోడలూ పోయాయి. లారీల ముందు తోడు కూర్చోవడానికి ఇసుకబావిలో మనుషులు లేరు. ఎందుకు లేరో కంకరబండలో అందరికీ తెలుసు.

నేటికీ ఆషాఢంలో జాతర నాడు కంకరబండ నుంచి ఇసుకబావి అంచు దాకా జనం వరుస కడతారు. బోనాల కన్నా ముందు ఒక కంకర తట్ట చేతి నుంచి చేతికి సాగుతుంది. "పట్టిన, పట్టిన" అనే మాట రోడ్డు దాటుతుంది. చివరి మనిషి ఆ తట్టను ఎదుట ఖాళీలోకి చాచి, చేతులు వణికేదాకా నిలబడతారు. అటు నుంచి "పట్టిన" అనేవారు ఎవరూ ఉండరు. తట్టను తెచ్చి మళ్లీ అమ్మ చేతుల ముందు పెడతారు.

పట్టినమ్మను కొలిస్తే తెగిన బంధాలు అతుకుతాయని, మాట తప్పినవారికి దిద్దుకునే సమయం దొరుకుతుందని భక్తుల నమ్మకం. ఎందరికో దొరికింది. ఈదమ్మకు దొరకలేదు. అందుకే ఇక్కడ మొక్కి ఇంటికి వెళ్లాక, ఎవరైనా మీ తలుపు ముందు నిలిచి పిలిస్తే పలకండి.

సవారమ్మ పిల్లలు, పిల్లల పిల్లలు ఎక్కడున్నా ఒక్క ఆషాఢానికి రండి. ఇటు చివర తట్ట పట్టుకునే ఉన్నాం, వదల్లేదు.