చల్లలోయకి బొట్టు పిలుపు

ఊఁ కొడితేనే చెబుతా. కునుకు తీశారో, లేచి నా దారిన నేను పోతా.

ఎప్పటి మాటో తెలీదు. మూడు కొండల నడుమ చల్లలోయని ఒకటుండేది. కొండల మీది అడవంతా నరికి, కాల్చి, చోళ్ళు చల్లేశారు. పచ్చగా మిగిలింది ఆ లోయొక్కటే. అందులో చిలకమ్మని ఒకావిడ ఉండేది. కొండచీపుర్లు కట్టుకుని బతికేది. ముసలిది, ఒంటిది, నోరు మాత్రం పెద్దది.

ఒకనాడు ఊరిపెద్ద దాలినాయుడు వచ్చాడు.

"లోయ కాల్చేస్తాం. సర్దుకోవే."

చిలకమ్మ పైకి నవ్వింది.

"అలాగే బాబూ. మరి మనూరి కట్టుబాటో? ఉన్నచోటు నుంచి ఎవర్ని లేపాలన్నా, ఊరిపెద్దే బొట్టుపెట్టి పిలిచి, కడుపునిండా అన్నం పెట్టాలి కదా!"

"పెడతాం. నువ్వొక్కదానివేగా!"

"అయ్యో, మావాళ్ళో? ఈ లోయలో పాకేవీ ఎగిరేవీ అన్నీ మావాళ్ళే కదా!"

కట్టుబాటు మాటొస్తే దాలినాయుడు వెనక్కి తగ్గడు. కుంకుమ భరిణె పట్టుకుని దిగాడు. తాబేలుకి డిప్ప మీద బొట్టు పెట్టాడు.

"ఇంకెవరన్నా మిగిలారా?"

"ఉన్నారు బాబూ, మనవాళ్ళే!"

ముళ్ళపందికి పెట్టబోయి వేలు పొడిపించుకున్నాడు.

"ఇంకెవరన్నా మిగిలారా?"

"ఉన్నారు బాబూ, మనవాళ్ళే!"

పసుపుచుక్కల కప్ప వెనక పరిగెత్తి బురదలో బోర్లా పడ్డాడు. బొట్టు ఆయన ముక్కుకే అంటింది.

"ఇదేం కప్పే? ఏ కొండ మీదా చూళ్ళేదే!"

"ఇక్కడ తప్ప ఇంకెక్కడుంది బాబూ? ఇది కాలితే ఇక లేనట్టే."

తూనీగలు, తొండలు, పేరే లేని పురుగులు! భరిణె ఖాళీ అయింది గానీ పిలుపులు అవలేదు. ఇంతలో వానలొచ్చాయి. తడిసిన అడవి ఏం కాలుతుంది, నా మొహం!

మరుసటేడు మళ్ళీ వచ్చాడు. "కొత్తగా పుట్టినవాళ్ళో?" అంది చిలకమ్మ. మళ్ళీ మొదలు.

మూడో ఏడు భరిణెలు మూడు తెచ్చుకున్నాడు. ఎంత పిలిచినా చిలకమ్మ పలకలేదు. గుడిసెలో చీపురు కడుతూ కడుతూనే పోయింది.

"అడ్డం తొలిగింది, అగ్గి తెండి!" అన్నారు జనం.

దాలినాయుడు కూలబడి భోరుమన్నాడు. "చావుకబురు అయినవాళ్ళకి చెప్పొద్దట్రా? అందరికీ చెప్పేదాకా ఎవడూ అగ్గి రాజెయ్యడానికి వీల్లేదు" అన్నాడు.

తాబేలుకి చెప్పాడు. ముళ్ళపందికి చెప్పాడు. కప్ప దొరకలేదు. పాపం, ఆయన పోయేదాకా ఆ చెప్పడం అవలేదు.

ఇప్పటికీ ఆ లోయలోకి ఎవరు దిగినా గట్టు మీద నిలబడి కేకేస్తారు: "చిలకమ్మ పోయిందర్రా! ఇంకెవరన్నా మిగిలారా?"

కింద కప్పలు బెకబెకమంటాయి.

"ఉన్నారు బాబూ, మనవాళ్ళే" అనుకుని, చుట్ట ఆర్పేసి మరీ దిగుతారు.