ప్రభువు కుండలో రెండు అరచేతులు

అనగనగా ఒక ఊళ్ళో, కాలవకి అవతలి ఒడ్డున, చర్చి వెనక వీధిలో రాహేలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. కాళ్ళు ముడుచుకుని పడుకో చిట్టీ, చెబుతా. దుప్పటి నీకూ నాకూ సరిపోవాలి.

ఆ రాహేలమ్మకి గొంతు పెద్దది, చెయ్యి పెద్దది, అనుమానం ఆ రెండింటికన్నా పెద్దది. పక్కింటి కోడి తన దొడ్లోకొచ్చి గుడ్డు పెడితే, ఎందుకు పెట్టిందా అని ఆలోచించేది. అలాగని భక్తి లేదనడానికి వీల్లేదు. ఆవిడ పాట ఎత్తుకుంటే వీధి చివర నిద్రపోయేవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళ కూడికకి ఆవిడే పెద్ద.

ఆ వీధి ఇళ్ళల్లో ఒక అలవాటు ఉంది. ఎసరు పెట్టాక, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన ఒక కుండలో వేస్తారు. అది దేవుడి గుప్పెడు. ఆదివారం అది చర్చికి పోతుంది, అక్కణ్ణించి లేనివాళ్ళ ఇళ్ళకి పోతుంది. రాహేలమ్మ ఇంట్లో దాన్ని ప్రభువు కుండ అనేవాళ్ళు. "ప్రభువా, ఇది నీది" అని గట్టిగా అంటూ ఆవిడ గుప్పెడు వేసేది. ఆదివారం వచ్చేసరికి బియ్యం కుండ మెడ దాకా వచ్చేవి.

ఆవిడకి యోనా అని ఒక కొడుకు. అతను ఇష్టపడి ఒక పిల్లని చేసుకొచ్చాడు. వాళ్ళ పుట్టింట్లో కొలిచే దేవుళ్ళు వేరు. పెళ్ళికి ముందు ఆ పిల్లకి కాలవలో బాప్తిస్మం ఇచ్చి, సువార్త అని పేరు పెట్టారు. పేరేమో సువార్త, నోట్లోంచి మాటేమో రాదు. ఇంటి ప్రార్థనలో తల వంచుకుని కూర్చునేది. ఆమెన్ అందో లేదో పక్కవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

"మొగుడి కోసం మునిగిందా, ప్రభువు కోసం మునిగిందా" అని రాహేలమ్మకి ఆ రోజు నుంచే అనుమానం.

అప్పుడు వానాకాలం వచ్చింది. నూతి దగ్గర పాచి మీద కాలు జారి రాహేలమ్మ మడమ విరిగింది. కట్టు కట్టినాయన, వానలు తగ్గేదాకా కాలు కింద పెట్టొద్దన్నాడు. మంచం వసారాలో వేశారు. వంట కోడలి చేతికి వెళ్ళింది.

మొదట్లో ఇరుగుపొరుగు వచ్చి పాటలు పాడి వెళ్ళారు. ఆ తర్వాత నాట్లు మొదలయ్యాయి, అందరూ పొలాలకి పోయారు. ఇల్లంతా వాన చప్పుడే. రాహేలమ్మ గట్టిగా ప్రార్థన చేసేది. ఎంత చేసినా ఆ మాటలు పైన పెంకుల దాకా పోయి, మళ్ళీ తన మంచం మీదే పడుతున్నట్టు ఉండేది. కొన్నాళ్ళకి ఆ గొంతూ ఆగిపోయింది. దేవుడు తన వీధిని మర్చిపోయాడేమోనని లోపల దిగులు. ఆ మాట ఎవరితోనూ అనలేక, చూపంతా తీసుకెళ్ళి కోడలి మీద పెట్టింది.

మొదట పెదాలు చూసింది. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు సువార్త పెదాలు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. పుట్టింటి మంత్రమేదో గొణుగుతోంది అనుకుంది రాహేలమ్మ.

ఆ తర్వాత కొంగు చూసింది. సాయంత్రం కాగానే సువార్త ఒక చెంబు మీద కొంగు కప్పుకుని, దొడ్డి చివర కంచె దగ్గరికి వెళ్ళొచ్చేది. గేదెకి పెట్టే కుడితేమో రోజురోజుకీ తగ్గిపోతోంది. ఏ చెట్టుకి మొక్కుతోందో అనుకుంది.

ఆ తర్వాత కుండ చూసింది. ఆదివారం యోనా ప్రభువు కుండ ఎత్తుకుని మంచం పక్కగా వెళ్తుంటే మెడ చాచి మరీ చూసింది. బియ్యం మెడ దాకా లేవు, సగానికి కాస్త పైనే ఆగిపోయాయి. మరుసటి ఆదివారమూ అంతే. ఇక అనుమానం పోయి నమ్మకమే కుదిరింది. దేవుడి బియ్యం తీస్తోంది ఈ పిల్ల అని తేల్చేసుకుంది.

అప్పుడు కొడుకుని పిలిచింది. "ఆదివారం అయ్యగారు నాకు బల్ల ఇవ్వడానికి వస్తారుగా. ఆయనతో ఒక మాట చెప్పాలి. కాస్త తీరిగ్గా రమ్మను" అంది.

బల్లంటే ప్రభువు బల్ల చిట్టీ, రొట్టె, ద్రాక్షరసం. మంచాన పడ్డవాళ్ళకి పాస్టరు అయ్యగారు ఇంటికే తెచ్చి ఇస్తారు. దేవుడి బియ్యం దొంగిలించిందని రాహేలమ్మ ఒక్క మాట అంటే చాలు, సువార్తని ఇక ఆ బల్ల దగ్గరికి రానివ్వరు. అందరూ ముందుకు వెళ్తుంటే తనొక్కతే వెనక గోడకి ఆనుకుని కూర్చోవాలి. పుట్టింటికి ఎటూ దూరమైంది, ఇక్కడా దూరమైతే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? రాహేలమ్మ అంతదూరం ఆలోచించలేదు.

కానీ రుజువు కావాలిగా. కళ్ళంలో ధాన్యం రాశి పోసినప్పుడు, ఎవరూ చెయ్యి పెట్టకుండా పైన ముద్ర వేస్తారు. ముద్ర చెదిరితే దొంగ పడ్డట్టే. రాహేలమ్మకి అది గుర్తొచ్చింది. సువార్త గడ్డికి వెళ్ళడం చూసి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. ప్రభువు కుండలో బియ్యం సర్ది, పైన తన అరచెయ్యి గట్టిగా అదిమింది. దంపుడు బియ్యం కదా, తవుడు పట్టి ఉండటంతో అయిదు వేళ్ళూ చక్కగా పడ్డాయి.

మర్నాడు వెళ్ళి చూసింది. తన ముద్ర చెక్కుచెదరలేదు. పక్కనే ఇంకో చెయ్యి ఉంది, చిన్న చెయ్యి.

"కనిపెట్టేసింది. నన్నే వెక్కిరిస్తోంది" అనుకుంది. కొత్తగా పడ్డ బియ్యం కలిపి, సర్ది, మళ్ళీ ముద్ర వేసింది. మర్నాడు మళ్ళీ పక్కన చిన్న చెయ్యి.

మూడోరోజు ఇక ఆగలేకపోయింది. వంటింట్లో ఎసరు మరిగే చప్పుడు వినగానే లేచి, కుంటుకుంటూ వెళ్ళి గడప దగ్గర నిలబడింది.

సువార్త గుప్పెడు బియ్యం తీసింది. పెద్ద ముద్ర చెదరకుండా ఓ పక్కగా, మెల్లగా పోసింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని తన అరచెయ్యి ఆ ముద్ర పక్కన ఆనించింది. పెదాలు కదిలాయి.

"ఏం చేస్తున్నావే" అంది రాహేలమ్మ.

సువార్త ఉలిక్కిపడి లేచి పీట వేసింది. "కాలు కింద పెట్టారేంటి అత్తయ్యా."

"నా కాలు సంగతి తర్వాత. నీ చెయ్యి సంగతి చెప్పు."

"మీ చెయ్యి చూశాను అత్తయ్యా. నడవలేకపోయినా ఎట్లాగో వచ్చి, కుండ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకుని వెళ్తున్నారనుకున్నా. మీలాగా పైకి చెప్పడం నాకు రాదు. మాటలన్నీ గొంతులోనే ఆగిపోతాయి. చెయ్యి పెట్టడమైతే వచ్చుగా అని, మీ చెయ్యి పక్కన నాదీ పెట్టా."

రాహేలమ్మ పీట మీద కూలబడింది. దొంగని పట్టడానికి వేసిన ముద్ర అది. దాన్ని ఈ పిల్ల ప్రార్థన అనుకుంది.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? "మరి ఆ పెదాలు కదిలేది ఏంటి" అంది.

"మీరనేదే. ప్రభువా, ఇది నీది. పైకి అనడం నేర్చుకుంటున్నా."

"మరి కుండెందుకు నిండటం లేదు?"

"నాకూ తెలియట్లేదు అత్తయ్యా. ఒక్క పూట కూడా మానలేదు."

అప్పుడు రాహేలమ్మ ఆ పిల్ల చెయ్యి లాగి తన అరచేతి మీద పెట్టుకుంది. కోడలి వేళ్ళు ఆవిడ వేళ్ళ మధ్య కణుపు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎవరి గుప్పెడు వాళ్ళదే కదా. అంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఆవిడకి తట్టనే లేదు. సిగ్గుతో ఏడుపొచ్చింది.

"నువ్వు తీస్తున్నావనుకున్నానే" అని చెప్పేసింది.

సువార్త మొహం చిన్నబోయింది. కళ్ళు తుడుచుకుని పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఆ తర్వాత, "చెంబు సంగతి కూడా చెప్పేస్తాను" అంది. "కంచె దగ్గర ఆనప పాదు పెట్టా. బియ్యం కడుగు పోస్తున్నా. చర్చిలో కోతపండక్కి తొలికాయ దేవుడికిద్దామని. ఇన్నాళ్ళూ ఆకులే వచ్చాయి, మొన్ననే ఒక పిందె పడింది. పిందెని వేలు పెట్టి చూపిస్తే రాలిపోతుందని మా అమ్మ అనేది. ఇంకా ఆ నమ్మకాలేనా అని మీరు తిడతారని కొంగు కప్పుకున్నా."

మామూలుగా అయితే రాహేలమ్మ తిట్టేదే. ఆ రోజు తిట్టలేదు. కుండ దగ్గరికి జరిగి చెయ్యి పెట్టింది. పక్కన కోడలూ పెట్టింది. పెంకుల దాకా పోయి తిరిగి రావడానికి అక్కడ మాటే లేదు. తను వసారాలో ఎవరూ వినడం లేదని ఏడుస్తున్నన్నాళ్ళూ, ఈ గోడకి ఇవతల ఈ పిల్ల భక్తి నిశ్శబ్దంగా వేరు పట్టిందని రాహేలమ్మకి అప్పుడు తెలిసింది. తన దిగులు కూడా సగం దిగింది.

ఆదివారం అయ్యగారు వచ్చారు. "ఏదో చెప్పాలన్నారట" అన్నారు.

సువార్త గుమ్మం పక్కకి తప్పుకుని నిలబడింది.

"చెప్పాలనుకున్న మాట తప్పు మాట అయ్యగారూ, అది పోనివ్వండి" అంది రాహేలమ్మ. కోడల్ని పిలిచి మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. "ముందు ఈ పిల్లకివ్వండి, తర్వాత నాకు."

ఇద్దరూ రొట్టె తిన్నారు, ద్రాక్షరసం తాగారు. వెళ్ళబోతూ అయ్యగారు, "ఈసారి కోతపండక్కి మీ ఇంటి నుంచి ఏమొస్తోంది" అని అడిగారు.

రాహేలమ్మ కంచె వైపు చెయ్యెత్తింది. సగంలో ఆగి, గబుక్కున వేలు మడిచేసుకుంది. "ఏదో ఒకటి వస్తుందిలెండి. తొందరెందుకు" అంది.

అది చూసి సువార్త పైకే నవ్వేసింది. ఆ ఇంట్లో ఆ పిల్ల గొంతు అందరికీ వినపడటం అదే మొదలు.

గుప్పెడు గింజలు కుండకి,
చెంబుడు కడుగు పాదుకి,
చిట్టి నిద్దర కంటికి,
కథ నడిచింది కంచికి,
మనం నడిచాం ఇంటికి.