శుభ్రంగా ఉన్న రక్తం

డాక్టర్ యజ్ఞనారాయణ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్ల చేతే ఏదో ఒక పని చేయించేవారు. కర్నూలులో ఆయన దగ్గర కాలేయ వైద్యం నేర్చుకుంటున్న నస్రీన్‌కు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆరోజు అడగకుండా ఉండలేకపోయింది.

ఆదోని నుంచి వచ్చిన తాపీమేస్త్రి ఒకతను ఆ ఉదయమే ఆమెతో గొడవపడి వెళ్లాడు. హెపటైటిస్ బి మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు, రక్తంలో వైరస్ జాడే లేదు. అయినా ఆరు నెలలకోసారి స్కానింగ్ కోసం పని మానుకుని రావాలా అని అతని బాధ.

"అతని మాటలో తప్పేముంది సార్? వైరస్ అణిగిపోయాక కూడా క్యాన్సర్ అంటూ ఎందుకు భయపెట్టాలి?" అంది నస్రీన్.

ఆయన ఆమెను స్కానింగ్ గదికి తీసుకెళ్లారు. తలుపు వేసి, చొక్కా గుండీలు విప్పి బల్ల మీద పడుకున్నారు. తనకూ అదే జబ్బు ఉందని, తల్లి నుంచి పుట్టుకతోనే వచ్చిందని, మందు మొదలుపెట్టేసరికి నలభై దాటాయని, ఇప్పుడు తన రక్తమూ శుభ్రంగానే ఉందని చెప్పారు. ఆ మాట ఆసుపత్రిలో అంతవరకు ఎవరికీ తెలియదు.

నస్రీన్ జెల్ పూసి పక్కటెముకల కింద ప్రోబు ఆనించింది. ఊపిరి బిగపట్టమంది, వదలమంది. తెర మీద కాలేయం బూడిదరంగులో కదిలింది. కుడివైపు అంచున నల్లగా ఏదో కనపడి జారిపోయింది. చెయ్యి వెనక్కి తెచ్చింది. మళ్లీ అక్కడే. కోణం మార్చి చూసింది. అప్పుడూ ఉంది. ఆయన తెర చూడటం లేదు, ఆమె ముఖం చూస్తున్నారు.

"గ్యాస్ అడ్డొస్తోంది సార్. సరిగా కనపడటం లేదు."

"నేనెవరో మర్చిపోయి చెప్పు."

చిన్న గడ్డ ఉందని, ఒకటిన్నర సెంటీమీటరు ఉండొచ్చని చెప్పింది. ఆయన లేచి కూర్చుని, తరగతిలో చెప్పినట్టే చెప్పారు. మందుకు ముందు గడిచిన ఏళ్లలో వైరస్ తన ముక్కల్ని కణాల డీఎన్ఏలో అతికించేసి ఉంటుందట. వాపుతో చచ్చిన కణాల చోటు నింపడానికి మిగిలినవి చీలుతూ, డీఎన్ఏకు తగిలిన దెబ్బల్ని కూడా నకలు తీస్తూ పోతాయట, వాటిలో ఏదో ఒకటి క్యాన్సర్‌గా మారొచ్చట. మాత్ర కొత్త దెబ్బల్ని చాలావరకు ఆపుతుందే కానీ పాతవాటిని చెరపలేదట. చెబుతూనే గుండీలు పెట్టుకున్నారు. ఒకటి తప్పు కాజాలో పడింది.

సీటీ తీస్తే అది క్యాన్సరేనని తేలింది. చిన్నగా ఉండగానే దొరికింది కనుక సూది గుచ్చి వేడితో మాడ్చేశారు. నస్రీన్ ఆ వారంలోనే మేస్త్రికి ఫోన్ చేసి, స్కానింగ్‌కు తప్పకుండా రమ్మని బతిమాలింది. నెల తిరక్కుండా యజ్ఞనారాయణ మళ్లీ డ్యూటీకి వార్డుకు వచ్చారు, కొంచెం చిక్కి.

ముందే అనుమానం ఉండి తన చేత చూపించుకున్నారా అని ఆమె చివరికి అడిగేసింది.

"లేదమ్మా. ఏమీ ఉండదనే పడుకున్నాను" అన్నారాయన.