మూడు గిన్నెల చోటు

రేపు పొద్దున పదింటికి జిలానీ మున్సిపల్ ఆఫీసులో తన ట్రాఫిక్ ప్లాన్ పెట్టాలి. ఉద్యోగంలో చేరాక సొంతంగా వేసిన మొదటి ప్లాన్. వాళ్ళు సరేనంటే వచ్చే నెల నుంచే అమలు. నాలుగు రోజులుగా అన్నం సయించట్లేదు. దువా చేయించుకుని దీవెన తీసుకుంటే ధైర్యంగా ఉంటుందని గురువారం మధ్యాహ్నం దర్గాలో మదార్‌వలీ దగ్గరికి వచ్చాడు. చిన్నప్పటి నుంచీ ఆయనే జిలానీకి గురువు.

ముసలాయన దర్గా వెనక వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు. గాడిపొయ్యి రాజుకుంది. కిచిడీ వండే పెద్ద డేగిసా తోమి పక్కన పెట్టి ఉంది. బయట అప్పుడే ఎనభై మంది దాకా భోజనానికి వరసలో కూర్చున్నారు.

జిలానీ మ్యాపు విప్పాడు.

"మార్కెట్ రోడ్డు, హజ్రత్. ఊరు పెరిగిపోయింది, రోడ్డు మాత్రం అంతే ఉంది. అందుకే బస్సుల్ని తీసేసి రింగు రోడ్డుకి పంపిస్తున్నా. ఇక బండ్లు ఆగవు."

"బస్సులేం చేశాయి నాయనా?"

"చోటు తినేస్తాయి. మా లెక్కలో ఒక బస్సంటే మూడు కార్లు."

బియ్యం కడుగుతున్న దస్తగిరమ్మ తలెత్తింది. "మరి కూరగాయల గంపలతో వచ్చేవాళ్ళు? రింగు రోడ్డు నించి రెండు కిలోమీటర్లు మోసుకురావాలా?"

"ఆటోలుంటాయి కదా పిన్నీ."

"ఆఁ, రోజూ నువ్వెక్కిద్దువులే."

మదార్‌వలీ చేతులు కడుక్కున్నాడు. "మూడు కార్ల చోటు. ఖాయమేనా?"

"పుస్తకంలోనే ఉంది హజ్రత్."

"అయితే ఇవాళ డేగిసా వద్దు. దాని చోట్లో మూడు గిన్నెలు పడతాయి. పెట్టు."

 దస్తగిరమ్మ ఆయన ముఖం చూసి, మూడు గిన్నెలకు సరిపడా బియ్యం విడిగా తీసింది.

జిలానీ మూడు గిన్నెలు పెట్టాడు. సరిగ్గా పట్టాయి. ఉడికాక తనే గరిటె పట్టుకుని వడ్డించాడు. పన్నెండో పళ్ళేనికి గరిటె అడుగుకి తగిలి గీరుకుంది. పదమూడో మనిషి, ఇటుక బట్టీ నుంచి వచ్చినాయన, పళ్ళెం చాపి అలాగే ఉండిపోయాడు.

"ఏంది బాబూ, బొమ్మల పెళ్ళి వంటా ఇది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నవ్వనివాళ్ళే ఎక్కువ.

జిలానీ లోపలికి వచ్చాడు. "హజ్రత్, అయిపోయింది."

"పొయ్యి మీద చోటేమన్నా ఖాళీగా ఉందా?"

"లేదు. నిండుగానే ఉంది."

"అయితే నీ లెక్క తప్పలేదు," అన్నాడు మదార్‌వలీ. మళ్ళీ ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

 జిలానీ గిన్నెలు దించేసి, చొక్కా చేతులు మడిచి, డేగిసాని పొయ్యి మీదికి ఎత్తాడు. దస్తగిరమ్మ ఎసరు పోసింది.

చివరి పళ్ళెం దాకా అతనే వడ్డించాడు. దువా సంగతి అడగలేదు.

బండి దర్గా దగ్గరే వదిలేసి, మ్యాపు చుట్టి చంకలో పెట్టుకుని, నాలుగింటి మార్కెట్ బస్సెక్కాడు. కాలు పెట్టడానికి చోటు లేదు. గంపల మధ్య ఒంటికాలి మీద నిలబడి, ముందు సీటు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క తలా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.