కొయ్యగంట ఎవరి మెడలో

అనగనగా అనగానే ఒక రాజు రావాలని పిల్లలు కాచుకుని కూర్చుంటారు. ఈ కథలోనూ రాజు ఉన్నాడు. కాని ఆయన ఏలేటిపురం కోటలో హాయిగా నిద్రపోతున్నాడు, ఆయన్ని లేపొద్దు. మనకి కావలసినవాడు ఆయన జాబులు పట్టుకుని ఊరూరా పరుగెత్తే వార్తాహరుడు సింగన్న.

సింగన్న నడక గురించి రాజ్యమంతా చెప్పుకునేవారు. పొద్దున కోటలో తాగిన గంజి అరగకముందే పక్క రాజ్యం పొలిమేర దాటేవాడట. అందులో సగం అబద్ధం. ఆ సగాన్నీ సింగన్న ఎన్నడూ కాదనలేదు.

ఇంట్లో అతని తల్లి కొండమ్మ, భార్య మాచమ్మ, కూతురు పైడి ఉండేవారు. పైడికి అప్పుడే ముందుపళ్ళు ఊడాయి. ఆ ఇంట్లో వేణ్ణీళ్ళు ముందు సింగన్నకే, విస్తరి ముందు సింగన్నకే, పండిన మొదటి పండూ సింగన్నకే. ఎవరూ అలా ఉండాలని చెప్పలేదు. అలా జరిగిపోతూ ఉండేది, అంతే.

కొండమ్మ పుట్టిల్లు చలిగట్టు అనే పెద్ద కొండకి అవతలివైపు ఉండేది. ఆ కొండ నెత్తిన ఒక పొద పెరుగుతుంది. చూస్తే ఉత్త పిచ్చిమొక్క, మేకలు కూడా ముట్టవు. కాని పుష్కరానికి ఒక్కసారి అది పూస్తుంది. అప్పుడు కొండ నెత్తి అంతా నీలంగా మారిపోతుంది. చిన్నతనంలో తల్లి చంక ఎక్కి ఒక్కసారి చూసింది కొండమ్మ. ఆ తరవాత పెళ్ళయి మైదానానికి వచ్చేసింది. ఆ పువ్వు మళ్ళీ పూసినప్పుడు ఆమె పురిట్లో ఉంది. ఇంకోసారి పూసినప్పుడు పెనిమిటి మంచాన పడ్డాడు. మరోసారి కోతల రోజులు, తీసుకెళ్ళే తీరిక ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడు కొండ పూసిందని సంతలో విన్నారు. కొండమ్మ తోటకూర ఏరుతూ, మళ్ళీ పూసేసరికి నేనుండనులే అంది. కట్టెలు తడిశాయి అన్నంత మామూలుగా అంది. ఆ మాట సింగన్న గుండెలో గుచ్చుకుంది. అతనికి తల్లంటే ప్రాణం. అది మాత్రం అబద్ధం కాదు. వెంటనే రాజుగారి దగ్గర సెలవు పుచ్చుకుని, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని బయలుదేరాడు.

కొండ కింద ఒక పల్లె. కొండ ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే, ఆ పల్లెపెద్ద దగ్గర ఒక కొయ్యగంట పుచ్చుకోవాలి. పశువుల మెడలో కడతారే, అలాంటిది. పల్లెపెద్ద ఆకాశం వంక చూసి, రాత్రికి వాన తప్పదని, వాన పడితే పువ్వు ఒక్కటి మిగలదని, చూస్తే ఈ పూటే చూడాలని చెప్పాడు. పైన గొల్లల పాక ఉంది, తలదాచుకోవచ్చు అన్నాడు. తరవాత గంట చేతికిచ్చి ఇంకో మాట చెప్పాడు.

"మీలో తగినవాళ్ళ మెడలో కట్టండి. గంటను దాటి ఎవరూ ముందుకు పోకూడదు."

తగినవాళ్ళంటే ఎవరో సింగన్న అడగలేదు. అడగాలని కూడా అతనికి తోచలేదు. ఇంటికి పెద్దని నేనుండగా ఇంకెవరు అనుకుని తన మెడలోనే కట్టుకున్నాడు. పల్లెపెద్ద నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అడగనివాళ్ళకి చెప్పడం ఆ పల్లెలో అలవాటు లేదు.

ఇక నడక చూడండి. ముందు సింగన్న, గంట టకటకమంటూ. వెనక సద్దిమూట నెత్తిన పెట్టుకుని మాచమ్మ. ఆమె కొంగు పట్టుకుని పైడి. పైడి ఊరికే నడవదు కదా, పురుగు కనపడితే ఆగాలి, పుట్టగొడుగు కనపడితే కూర్చోవాలి. అందరికన్నా వెనక కొండమ్మ, కర్ర పొడుచుకుంటూ. గంటను దాటి ఎవరూ పోలేదు. పోదామన్నా వల్లకాదు.

కొంతదూరంలో ఒక వాగు అడ్డం వచ్చింది. సింగన్న రాయి మీంచి రాయి మీదికి గెంతి అవతలి ఒడ్డు చేరాడు. అక్కడ గుగ్గిలం చెట్టు మీద ఒక బెట్లుడుత కూర్చుని ఉంది. పిల్లి అంత ఒళ్ళు, ఒంటికి మించిన తోక. అది కిందికి వంగి, "గంటాయనా, నీ మంద ఏదయ్యా?" అని అడిగింది.

వెనకే వస్తోంది అన్నాడు సింగన్న, తిరిగి చూడకుండా. ఆ మాట పూర్తయ్యేలోపే దబ్బుమని చప్పుడయింది. పిల్లని ఎత్తుకుని వాగు దాటుతూ మాచమ్మ జారిపడింది. పిల్లకి దెబ్బ తగల్లేదు గాని, సద్దిమూటలోని పులిహోర మొత్తం చేపల పాలయింది. సింగన్న వెనక్కి వచ్చి అందరినీ చెయ్యి పట్టి దాటించాడు. చూసుకుని నడవొద్దా అని భార్యని విసుక్కున్నాడు. ఆమె తడి కొంగు పిండుకుని పిల్ల చెయ్యి పట్టుకుంది.

వెదురుపొదల దగ్గర దారి రెండుగా చీలింది. కుడివైపుదే దారి అని సింగన్నకి చూడగానే తెలిసింది. దారులు చదవడమే కదా అతని పని. ఆగకుండా కుడివైపు ఎక్కిపోయాడు. చాలాదూరం పోయాక వెనక అలికిడి లేదని తోచింది.

వెదురు పైనుంచి బెట్లుడుత తోక వేలాడింది. "గంటాయనా, నీ మంద ఏదయ్యా?"

నీకెందుకు, నీ కాయలు నువ్వు చూసుకో అని కసిరాడు సింగన్న. అంతలోనే గుర్తొచ్చింది, ఆ అడవిలో ఎలుగులున్నాయి. వచ్చిన దారినే కిందికి పరుగెత్తాడు. ఎడమదారిలో చాలా లోపలికి పోయాక పైడి ఏడుపు వినపడింది. ముగ్గురూ ఒక బండ పక్కన దగ్గరగా కూర్చుని ఉన్నారు. కాళ్ళనిండా జలగలు. భయం తీరగానే సింగన్నకి కోపం వచ్చింది, మనుషులకి అలాగే వస్తుంది. దారి కనపడలేదా అని అరిచాడు.

కొండమ్మ కాలికి పట్టిన జలగని పీకి పారేస్తూ, "గంట వినిపించినంతసేపూ వచ్చాం నాయనా. వినిపించకపోతే ఎటు పోతాం?" అంది.

ఇలా పొద్దు వాలింది. చెట్లు పొట్టివయ్యాయి, కొమ్మలకి పాచి గడ్డంలా వేలాడుతోంది. గాలి చల్లగా, పలచగా ఉంది. కింద లోయలోంచి మంచు పైకి పాకుతోంది. అది నెత్తికి చేరితే పువ్వూ కనపడదు, పక్కనున్న మనిషీ కనపడడు. ఆ ఆఖరి ఎక్కుడు దగ్గర కొండమ్మకి ఊపిరి అందలేదు. ఒక రాతి మీద కూలబడింది. సింగన్న మంచు వంక చూశాడు, తల్లి వంక చూశాడు. పైన పూలు ఉన్నాయో లేవో చూసొస్తాను, మీరు మెల్లగా రండి అని చెప్పి ఒక్క పరుగున కొండ నెత్తికి ఎక్కేశాడు.

ఎక్కి, అలాగే నిలబడిపోయాడు. కొండవాలు మొత్తం నీలం. కొత్త కోక ఆరేసినట్టు, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. గాలి వీస్తే అంతా కదులుతోంది. "అమ్మా, అదిగో చూడు" అంటూ వెనక్కి తిరిగాడు.

వెనక ఎవరూ లేరు.

చివరి చెట్టు మీద బెట్లుడుత ఉంది. ఈసారి అది మెల్లగా అడిగింది. "గంటాయనా, నీ మంద ఏదయ్యా?"

సింగన్నకి సిగ్గేసింది. ఇంత దూరం ఎవరికోసం వచ్చాడు, ఇక్కడ ఎవరు నిలబడ్డారు? గంట చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని కిందికి దిగాడు.

కొండమ్మ ఇంకా ఆ రాతి మీదే ఉంది. పైడి ఆమె అరికాళ్ళు రుద్దుతోంది. కొడుకుని చూసి కొండమ్మ నవ్వింది. "పూసిందా? చూశావుగా, చెప్పు నాయనా. నువ్వు చెబితే నేను చూసినట్టే."

సింగన్న ఎన్ని వార్తలు మోశాడో లెక్క లేదు. యుద్ధాలు, సంధులు, పెళ్ళిళ్ళు, ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పగలడు. ఇప్పుడు నోరు తెరిచాడు. "నీలంగా ఉందమ్మా" అన్నాడు. ఇంకేమీ రాలేదు.

మెడలోంచి గంట తీసి తల్లి మెడలో కట్టాడు. నువ్వు ముందు నడువమ్మా, నువ్వు ఆగితే ఆగుతాం అన్నాడు. వెళ్ళి అందరికన్నా వెనక నిలబడ్డాడు.

కొండమ్మ నాలుగడుగులు వేసింది, ఆగి ఊపిరి పీల్చుకుంది. అందరూ ఆగారు. మళ్ళీ నాలుగడుగులు. మొదట్లో సింగన్న కాళ్ళు గిలగిలలాడాయి. మంచు మడమల దాకా వస్తోంది, ఇలా అయితే ఎప్పటికి చేరేను అనిపించింది. కాని ముందుకు పోవడానికి లేదు, గంట ముందుంది. అప్పుడు చూశాడు, మాచమ్మ అరికాలు చీరుకుపోయి ఉంది. వాగు దగ్గర తగిలిన దెబ్బ. ఆ కాలితోనే ఆమె ఇంతదూరం నడిచింది. ముందు నడిచినంతసేపూ అది అతనికి కనపడలేదు. తలపాగా చింపి కట్టు కట్టాడు. పిల్లని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. పైడి దారంతా పురుగుల పేర్లు చెబుతూనే ఉంది. కొండమ్మకి మాత్రం ఈసారి ఊపిరి అందుతూనే ఉంది, ఎవరినో అందుకోవాలన్న ఆరాటం లేదు కదా. కూలబడకుండా, తిరిగి వెతుక్కోకుండా, అలా అలా గంట కొండ నెత్తికి చేరింది.

మంచు ఇంకా చేరలేదు. సాయంత్రపు నీరెండ పడి ఆ నీలం వెలుగుతోంది. కొండమ్మ పూలలోకి నడిచి వెళ్ళి, మధ్యలో కూర్చుని ఏడ్చింది. మా అమ్మ నన్ను ఎత్తుకుని ఇక్కడే నిలబడింది అని చెప్పింది. పైడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించింది. బెట్లుడుత ఏమీ అడగలేదు, కాయ కొరుక్కుంటూ కూర్చుంది. కాసేపటికి మంచు వచ్చి అన్నిటినీ కప్పేసింది. ఆ రాత్రి గొల్లల పాకలో పడుకుని వాన చప్పుడు విన్నారు. తెల్లారి లేచి చూస్తే ఒక్క పువ్వు లేదు.

దిగి వచ్చాక పల్లెపెద్ద, కొండమ్మ మెడలోంచి గంట తీసుకుంటూ సింగన్న వంక చూశాడు. చూసి తల ఊపాడు.

పుష్కరం గడిచింది. కొండమ్మ అన్నట్టే, అప్పటికి ఆమె లేదు. పరుగెత్తి పరుగెత్తి సింగన్న మోకాళ్ళు అరిగాయి. కొండ పూసిందని తెలిసి పైడి తల్లిదండ్రులని తీసుకుని బయలుదేరింది. పల్లెపెద్ద కొడుకు గంట ఇచ్చి, తగినవాళ్ళ మెడలో కట్టమన్నాడు. సింగన్న చెయ్యి చాచలేదు. పైడి గంట అందుకుని తండ్రి మెడలో కట్టింది. అతను తల వంచాడు.

నాలుగడుగులకొకసారి ఆగుతూ ఎక్కాడు. పైడివి బలమైన కాళ్ళు, ఒక్క పరుగున పోగలదు. అయినా ఒక్క అడుగు తండ్రిని దాటలేదు. గుగ్గిలం చెట్టు మీంచి ఒక కుర్ర బెట్లుడుత వంగి, "గంటాయనా, నీ మంద ఏదయ్యా?" అని అడిగింది.

సింగన్న ఆగాడు. వెనక అడుగుల చప్పుడు కూడా ఆగింది.

"వెనకే ఉంది. నాతోపాటే ఆగింది, వినపడలేదూ?" అన్నాడు.

కనక పిల్లలూ, నలుగురూ కలిసి వెళ్ళే దారిలో ముందుగా చేరినవాడు కాదు, నెమ్మదిగా నడిచేవాళ్ళ అడుగులో అడుగు వేసి అందరినీ చేర్చినవాడే ఇంటికి పెద్ద.