నక్క తెచ్చిన తళతళ రిమ్ము

కాస్త ముందుకు జరగండమ్మా, వెనకవాళ్లకీ చోటివ్వండి. దేవుడు జంతువులకి నాలుగేసి కాళ్లిచ్చాడా? రాళ్లగుట్ట జంతువులకి అవీ చాల్లేదు, సైకిళ్లు కావాల్సొచ్చాయి! ఆ గుట్ట మీద చక్రాలు కట్టేది గిజిగాడు పిట్ట. గూడు అల్లినంత ఓపికగా రిమ్ముకి స్పోకులు బిగించేవాడు.

ఒకరోజు ఎలుగుబంటి బొర్రయ్య విరిగిన వెనక చక్రం భుజానేసుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకే అతని అవ్వని నలుగురు మోసుకొచ్చి నీడలో పడుకోబెట్టారు.

"గిజిగా, అవ్వకి ఊపిరాడట్లేదు. గుట్ట కిందున్న కొండముచ్చు వైద్యుడి దగ్గరికి క్యారియర్ మీద దించాలి. తొందరగా కట్టు!"

గిజిగాడు ఒక మసక రిమ్ము తీసి రాయి మీద టంగుమనిపించాడు. "బరువే, అందం లేదు. కానీ రెండు పొరలది, అతుకు గట్టిది. మన రాళ్లకి ఇదే ఆగుద్ది."

అంతలో పొరుగడవి నక్క నామాలు దిద్దుకుని దిగాడు. చేతిలో అద్దంలాంటి రిమ్ము.

"రామరామ! పెద్దావిణ్ణి ఆ తుప్పుముక్క మీద పంపుతావా అల్లుడూ? ఇదిగో, దూదిలా తేలిక. తేనెపట్టు ఇచ్చి పట్టుకుపో."

గిజిగాడు దాన్నీ కొట్టి చూడబోయాడు. నక్క చటుక్కున లాక్కున్నాడు.

"కొడితే సొట్టపడుద్ది!"

"సొట్టపడేదైతే గుట్టెలా దిగుద్ది?"

"గడ్డి అల్లుకునేవాడివి, మెరుపు విలువ నీకేం తెలుసు!"

తొందరలో ఉన్నవాడికి తెల్లనివన్నీ పాలే. బొర్రయ్య తేనెపట్టు ఇచ్చేశాడు, ఆ రిమ్ముతోనే చక్రం కట్టించాడు. నక్క అక్కడే కూర్చుని పట్టంతా పీల్చేశాడు.

అయితే ఆ గుట్టకో ఆచారం ఉంది. కొత్త చక్రం తొలి దిగుడుకి రిమ్ము ఇచ్చినవాడే క్యారియర్ ఎక్కాలి. రోగులైనా, చూలింతలైనా ఆ తర్వాతే. పొరుగువాడికి ఇదెక్కడ తెలుసు?

"ఎక్కు మామా," అన్నాడు బొర్రయ్య.

నక్క నామాలు చెమటకి కారిపోయాయి. "ఈరోజు ఏకాదశి అల్లుడూ! ఉపవాసం. కూర్చున్నచోటు నుంచి కదలకూడదు."

మూలుగుతున్న అవ్వ ఒక కన్ను తెరిచింది. "ఉపవాసమా? మూతికి తేనె కారుతోందిరా! ఎక్కించండి వీణ్ణి!"

ఎక్కించారు. సైకిలు దిగింది. ఒక రాయి దాటింది. రెండో రాయి... ఫెళ్! రిమ్ము పగులులో కూరిన లక్క ముద్ద ఊడి ఎగిరింది. చక్రం జంతికలా మెలి తిరిగిపోయింది. బొర్రయ్య దుమ్ములో దొర్లాడు. నక్క గాల్లోకి లేచి బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు.

గుట్టంతా నోరెళ్లబెట్టింది. లేచిన కుందేళ్ల చెవులు లేచినట్టే ఉండిపోయాయి. బొర్రయ్య లేచి ఆ ఖాళీ క్యారియర్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడ... అక్కడ మా అవ్వ కూర్చోవాల్సింది."

శివశివా, చెబుతుంటే నాకే ఒళ్లు జలదరిస్తోంది!

గిజిగాడు మసక రిమ్ముకి స్పోకులు బిగించాడు. తానేమో పిట్టంత బరువే కదా, అందుకని అవ్వంత రాళ్లమూట పక్కన పెట్టించుకుని మరీ క్యారియర్ ఎక్కాడు. సైకిలు రాళ్ల మీద గణగణమంటూ దిగింది, చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. అప్పుడు ఎక్కింది అవ్వ.

దారిలో పొదలోంచి ఏడుపు. "అల్లుడూ, ఒళ్లంతా ముళ్లు! నన్నూ వైద్యుడి దగ్గరికి తీసుకుపో!"

అవ్వ తల తిప్పి చూసింది.

"ఈరోజు ఏకాదశి కదా నాయనా. కూర్చున్నచోటు నుంచి కదలకు."

అందుకే తల్లీ, అమ్మినవాడే ఎక్కడానికి జంకే బండి మీద అయినవాళ్లని కూర్చోబెట్టకండి.